వెన్న పడేదాకా కదలొద్దు

చిరంజీవి సుధకి పెద్దమ్మ దీవెనలు.

ఈ శనివారం పిల్లల్నీ, మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని టెక్సాస్ స్టోన్‌వాల్‌లోని సావర్-బెక్‌మన్ ఫామ్, అదే వందేళ్ళ కిందటి రైతు బతుకుని చేసి చూపించే పాత పొలం, చూడటానికి వెళ్తున్నామన్నావు. ఆరేడుసార్లు వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి రాస్తున్నా.

పొద్దున్నే బయలుదేరు. ఆస్టిన్ నుంచి 290 రోడ్డు మీద గంటంపావు పడుతుంది. మొదటిసారి మేం భోజనాలయ్యాక చేరాం. పాలు పితకడం, వెన్న తీయడం, వంట అన్నీ అయిపోయాయి. కట్టెల పొయ్యి సెగ మాత్రం మిగిలింది. "దీనికా ఇంత దూరం" అని మీ పెదనాన్న దారంతా సణుగుడే. అక్కడివాళ్ళు నాటకం వేయరమ్మా. 1915-18 నాటి బట్టలు కట్టుకుని నిజంగానే ఆవుల్ని పితుకుతారు, గుడ్లు ఏరతారు, తోటపని చేస్తారు. పనివేళకి మనం వెళ్ళాలి గానీ మన వేళకి పని ఆగదు. ముందురోజు ఫోన్ చేసి ఏ పని ఎప్పుడో కనుక్కో.

వెళ్ళాక అన్నీ చూపించెయ్యాలని పిల్లల్ని పరిగెత్తించకు. ఒక్క పనైనా మొదలు నుంచి చివరిదాకా చూడనివ్వు. నన్నడిగితే వెన్న దగ్గర నిలబడమంటాను. మనం పెరుగులో కవ్వం పెట్టి తాడుతో తిప్పుతాం. వాళ్ళు మీగడలో కర్ర పెట్టి రోకలి పోటులా పైకీ కిందకీ ఆడిస్తారు. మొదటి ఐదు నిమిషాలు పిల్లలు ఎగబడతారు, ఆ తర్వాత బోర్ అంటారు. అప్పుడు ఫోన్ ఇచ్చావో, అంతే సంగతులు. కాసేపటికి మీగడ చిక్కబడి కర్ర బరువెక్కుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి చప్పుడు మారిపోయి, మజ్జిగ వేరు, వెన్న వేరు అవుతాయి. ఆ చప్పుడు వినేదాకా కదలొద్దు.

మీ అత్తగారు పక్కన నిలబడి చూస్తుంటారేమో, ఆవిణ్ణి ముందుకి పిలువు. పాడి చేసిన చెయ్యి కదా. కాకపోతే నాలా చెయ్యొద్దని చెప్పు. "మా ఊళ్ళో ఇలా కాదు" అంటూ ఒకసారి ఆ పనిచేసే అమ్మాయికి పది నిమిషాలు క్లాసు పీకాను. వెనక్కి తిరిగితే ఇరవైమంది నిలబడి ఉన్నారు. "మీదేమిటి, ఎందుకిలా" అని అడిగితే వాళ్ళు బోలెడు చెబుతారు.

మామగారికి మాత్రం ఇంటి కథ చెప్పు. సావర్ అనే జర్మన్ కుటుంబం 1869లో నలుగురు పిల్లలతో ఇక్కడికొచ్చి రాతి ఇళ్ళు కట్టుకుంది. 1900లో బెక్‌మన్లు కొన్నారు. 1915లో పత్తి విరగపండితే కొత్త కొట్టం వేసి, పాత రాతి కట్టడానికి చెక్క గది కలిపి, అచ్చు రేకులు తాపిన ఇల్లు కట్టారు. గుంటూరు జిల్లాలో పత్తి వేసినాయనకి ఒక్క పంట ఇల్లు ఎలా లేపుతుందో, ఎలా ముంచుతుందో నువ్వు చెప్పాలా? ఆయన చేతే పిల్లలకి చెప్పించు. ఖాళీ నేలలో ఇల్లు కట్టారని మాత్రం వాళ్ళకి చెప్పకు. ఇది కొమాంచీలనే ఇక్కడి ఆదివాసులు తిరిగిన నేల. పక్క ఊరు ఫ్రెడెరిక్స్‌బర్గ్‌లో స్థిరపడిన జర్మన్లు 1847లో వాళ్ళతో ఒప్పందం కూడా చేసుకున్నారు.

ఇంకో సంగతి మన వాళ్ళకెవరికీ తెలియదు. ఆ సావర్ల కూతురు అగస్టా మంత్రసాని. తర్వాత అమెరికా అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ 1908లో పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడే. అంతకుముందు అమెరికాలో స్థిరపడటానికి భారతీయులకి ఏడాదికి వందమందికే ఉన్న కోటాని తీసేస్తూ 1965లో వలస చట్టం మీద సంతకం చేసింది ఆ జాన్సనే. మీ పెదనాన్న వీసా ఆ చట్టం పుణ్యమే. నది అవతల ఆయన ఇల్లుంది, ఓపికుంటే చూడండి. లేకపోతే మరోసారి.

మీ అత్తగారు శాకాహారి కదా. పొగ పెట్టి పందిమాంసం నిలవచేసే గది ఒకటుంది, సబ్బు కూడా కొవ్వుతోనే కాస్తారు. ముందే చెప్పి ఉంచు, అక్కడికెళ్ళాక మొహం చిట్లించుకోకుండా. అందరికీ నూలు బట్టలు, మూసిన బూట్లు వెయ్యి. పేడ తొక్కుతారు, తొక్కనీ. టిక్కెట్టు లేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, చెట్ల కింద బల్లలున్నాయి.

వచ్చేటప్పుడు స్టోన్‌వాల్ దారిలో పీచ్ పళ్ళు అమ్ముతుంటే గట్టివి ఏరి రెండు డజన్లు తీసుకురా. పచ్చడి పెడతాను.

ఇట్లు,
పెద్దమ్మ