అల్సర్ అసలు కారణాన్ని మందుల కంపెనీలు తొక్కిపెట్టాయా?

తొక్కిపెట్టారనడానికి ఆధారాలు లేవు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో కడుపులో పుండ్లకు (అల్సర్లకు) ప్రధాన కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచారు. 1984లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వివరాలు అచ్చయ్యాయి. ఎక్కువగా నమ్మనిది డాక్టర్లే. కడుపులోని యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని వాళ్ల లెక్క. మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయితే యాసిడ్ తగ్గించే బిళ్లలు ఏళ్ల తరబడి అమ్ముడవుతుంటే, కొద్ది రోజుల్లో నయం చేసే వైద్యాన్ని ప్రచారం చేసే తొందర కంపెనీలకెందుకుంటుంది?

మన ఒంగోలు, కావలి వైపు ఇప్పటికీ కడుపులో మంటంటే పచ్చడి కారాన్నే తిడతారు, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ల అడిగి పరగడుపున వేసుకుంటారు. మానేస్తే మంట మళ్లీ మొదలు. దయచేసి పరీక్ష చేయించుకోండి. క్రిమి ఉంటే యాంటీబయాటిక్స్ కోర్సు మధ్యలో ఆపకూడదు. మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్లలు కూడా పుండు చేస్తాయి, అవి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.