నాలుక కింద మాత్రను మింగవచ్చా?

ప్రశ్న: యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) ఉన్న మా నాన్నగారు నొప్పి వచ్చినప్పుడు, నాలుక కింద పెట్టుకోవాల్సిన సార్బిట్రేట్ మాత్రను నీళ్లతో మింగేస్తున్నారు. రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నారు కదా, అది చాలదా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: నొప్పి వేళ ఆ మాత్రను మింగనివ్వకండమ్మా. మింగిన మందు పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరి, అక్కడే చాలా భాగం విచ్ఛిన్నమవుతుంది; నాలుక కింద కరిగినది నేరుగా రక్తంలో కలిసి, కొద్ది నిమిషాల్లోనే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి సిరలను వదులు చేస్తుంది కనుక, గుండెకు తిరిగివచ్చే రక్తమూ గుండె శ్రమా తగ్గుతాయి. బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, కూర్చోబెట్టే ఇవ్వండి. అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మాత్రలు వాడుతుంటే మాత్రం ఇది ప్రాణాంతకం కావచ్చు. ఆ సంగతి మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు అతుక్కుని కొత్త గడ్డ కట్టకుండా చూస్తుందే గాని, వచ్చిన నొప్పిని తగ్గించదు. మాత్ర పెట్టిన 5 నిమిషాలకూ నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.