నాన్న ఉద్యోగం మానేసి బొమ్మలు వేస్తానంటున్నారు

ప్రశ్న: మాది ఒంగోలు. నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాన్నకు 47 ఏళ్లు, మెడికల్ రెప్. 22 ఏళ్లుగా చీమకుర్తి, పొదిలి, మార్కాపురం లైన్‌లో తిరుగుతున్నారు. బస్సుల్లో, డాక్టర్ల కోసం ఎదురుచూస్తూ డైరీల్లో బొమ్మలు గీసేవారు. కిందటేడు కాశీ వెళ్లొచ్చాక రంగులు కొని రోజూ రాత్రి పెయింటింగ్ వేస్తున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, దేశమంతా తిరిగి బొమ్మలు వేసి అమ్ముతానంటున్నారు. టెన్షన్‌తో అమ్మకు నిద్ర పట్టడం లేదు. నాన్నను ఆపాలా, ప్రోత్సహించాలా?

జవాబు: అమ్మా, నాన్నగారిని బొమ్మలు వేయకుండా ఆపొద్దు. రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వనివ్వొద్దు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. మీ ఇంట్లో రెండూ ఒకటే అనుకోవడం వల్లే గొడవ పెరుగుతోందేమో.

వయసు గురించి బెంగ అక్కర్లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ కుంచె గట్టిగా పట్టుకున్నది 60 దాటాకే. ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. అదే పారిస్‌లో అంతకుముందు హెన్రీ రూసో అని ఒకాయన సుంకాలు వసూలు చేసే చిన్న ఉద్యోగి. తీరిక దొరికినప్పుడల్లా బొమ్మలు వేసుకుంటూ 1893లో, 49వ ఏట ఉద్యోగం వదిలాడు. ఆయనకు పేరు తెచ్చినవి దట్టమైన అడవుల బొమ్మలు. కానీ ఆ అడవులేవీ ఆయన చూడలేదు. పారిస్‌లోని వృక్షశాలకు మళ్లీ మళ్లీ వెళ్లి, అక్కడి మొక్కల్ని చూసి వేశాడు. పాల్ గోగాన్ కథ వేరు. షేర్ల వ్యాపారంలో బాగా సంపాదించినవాడు, మార్కెట్ కూలాక 1883లో పూర్తిగా చిత్రకళలోకి దిగాడు. భార్య ఐదుగురు పిల్లలతో డెన్మార్క్‌లోని పుట్టింటికి చేరింది. పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవిలో ఆయన వేసిన బొమ్మలు ఇవాళ కోట్లు పలుకుతున్నా, బతికుండగా ఆయన చేతికొచ్చింది తక్కువే. మీ అమ్మగారి భయం ఈ కథ గురించే. అందులో తప్పు లేదు.

ప్రయాణమంటే నాన్నగారికి కాశీలే గుర్తొస్తున్నట్టున్నాయి. కాశీ ఘాట్లు వేసేవాళ్లు లెక్కలేనంతమంది. పొదిలి రోడ్డును 22 ఏళ్లు, అన్ని కార్తెల్లోనూ చూసినవాళ్లు ఎందరున్నారు? చీమకుర్తి నల్లరాయిలో మెరిసే చుక్కలు, గ్రానైట్ దిమ్మెలు మోసుకెళ్లే లారీలు, మార్కాపురం పలకరాయి బూడిదరంగు, రోహిణి కార్తె మధ్యాహ్నం మనిషి లేని బస్టాండు, సాయంత్రం ఆసుపత్రి వరండాలో పేషెంట్ల ముఖాలు. కొత్త ఊరికి వెళ్లినవాడు ముందు అందరికీ కనిపించేదే వేస్తాడు. తనకొక్కడికే కనిపించేది పదోసారో, నూరోసారో వెళ్లినప్పుడు దొరుకుతుంది. నాన్నగారు ఆ నూరోసారి ఎప్పుడో దాటేశారు. ఆ పాత డైరీలు ఎక్కడున్నాయో ముందు వెతుకు. నా దృష్టిలో ఆయన అసలు ఆస్తి అవే.

నేనైతే రెండేళ్లు గడువు పెడతాను. మొదటి ఏడాది ఆ ఒక్క లైన్ మీదే, ఒకే సైజులో 30 బొమ్మలు. సెలవుల్లో మార్పు కావాలంటే కొత్తపట్నం తీరం ఉంది. అమ్మే బొమ్మలకు స్కూలు పిల్లల రంగులు వద్దు, వెలుతురుకు వెలిసిపోతాయి. వాటర్ కలర్ అయితే 300 జీఎస్ఎం మందపాటి పేపర్ వాడాలి. మన సముద్రపు గాలికి కాగితం బూజు పడుతుంది కాబట్టి అద్దం వేయించి, తేమ లేని గోడకు తగిలించాలి. ఒకసారి మీరంతా చెన్నై దగ్గరి చోళమండలం వెళ్లిరండి. 1966లో చిత్రకారులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఊరది. మొదట్లో వాళ్లు బాతిక్ (మైనంతో అద్దకం వేసిన) బట్టలు, చేతిపనులు అమ్ముకుని, ఆ డబ్బుతో బొమ్మలు వేసుకున్నారు. నాన్నగారు ఆదివారాలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పొచ్చు. ప్రభుత్వం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాసే పిల్లలు ఎటూ ఉంటారు. ఆ పరీక్షలు ఆయన కూడా రాస్తే నేర్పేటప్పుడు పనికొస్తాయి.

ఇంకో మాట. ఆయనకు తెలిసిన డాక్టర్లందరికీ క్లినిక్కుల్లో ఖాళీ గోడలున్నాయి. రేపటి కొనుగోలుదారులు వాళ్లే కావచ్చు. అయితే ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక్క బొమ్మ కూడా వాళ్లకు ఊరికే ఇవ్వకూడదు. మందుల కంపెనీల తరఫున డాక్టర్లకు బహుమతులివ్వడం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2024 మార్కెటింగ్ నియమావళి ప్రకారం తప్పు. వాళ్లకు అమ్మకాలు కూడా రాజీనామా తర్వాతే పెట్టుకుంటే మంచిది. ఎవరైనా డబ్బిచ్చి ఫలానా బొమ్మ వేయమంటే, కాపీరైట్ ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి. రాసుకోకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది వేయించుకున్నవారికే పోతుంది. సొంతంగా వేసి అమ్మిన బొమ్మకు ఆ ఇబ్బంది లేదు.

ఉద్యోగం వదిలే ముందు మూడు పనులు జరగాలి. ఏడాదిన్నర ఇంటి ఖర్చు, నీ ఫీజుతో సహా, విడిగా బ్యాంకులో ఉండాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది కాబట్టి కుటుంబానికి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోవాలి. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి కవరేజీ మొదలవడానికి కొన్నేళ్లు ఆగాల్సి రావచ్చు. ఇక పీఎఫ్‌ను ముట్టుకోవద్దు.

ఈ ఆదివారం డైరీలన్నీ హాల్లో పరిచి, పెద్ద బొమ్మకు పనికొచ్చే 30 పేజీలు ఆయన్నే ఎంచమను. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టు. ఆ ఏడాదిన్నర ఖర్చు ఎంతో ఆవిడతోనే ఒక కాగితం మీద రాయించు.