బ్రొమీలియాడ్లు పెంచబోతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోటో పంపిన మొక్క గుజ్మానియా, బ్రొమీలియాడ్లలో, అంటే అనాస కుటుంబపు మొక్కల్లో ఒకటి. ఎర్రగా నిలబడి ఉన్నవి రంగు తిరిగిన ఆకులు. అసలు పూలు వాటి సందుల్లో చిన్నగా పూసి వాడిపోతాయి. ఆ ఎరుపు కొన్ని నెలలు ఉంటుంది, తర్వాత ఆ మొక్క మళ్లీ పూయదు. ముందే తెలిస్తే దిగులు పడవని చెబుతున్నాను. ఈ కుటుంబంలో దాదాపు అన్నిటిదీ అరటి తీరే. ఒక్కసారి పూసి, పక్కన పిలకలు వేసి, తల్లి మెల్లగా ఎండిపోతుంది. కాబట్టి సేకరణ అంటే ఒక్కో రకాన్ని తల్లి నుంచి పిలకకు, పిలక నుంచి దాని పిలకకు, పేరు చెడకుండా నిలబెట్టుకోవడమే. నేను చెప్పబోయేదంతా దానికోసమే.

గుజ్మానియాల వెంట ఇప్పుడే పడకు. వాటిలో చాలావరకు కొలంబియా, ఈక్వెడార్ వైపు ఆండీస్ కొండల తడి అడవులవి. ఇక్కడ విశాఖలో సముద్రపు తేమ ఉండబట్టి నా దగ్గర బతుకుతున్నాయి కానీ, హైదరాబాద్ మే నెల వడగాలికి తట్టుకోవు. నీ తూర్పు బాల్కనీకి నియోరెగేలియాలు తగినవి. బ్రెజిల్ తీరపు అడవుల నుంచి వచ్చిన జాతి, మొండిది. అందులో 'ఫైర్‌బాల్' అనే చిన్న రకంతో మొదలుపెట్టు. పొడవాటి కాడల చివర పిలకలు వేస్తూ వేలాడే బుట్టను త్వరగా నింపేస్తుంది. ఎక్మియా ఫాషియాటా కూడా తెచ్చుకో, ఆకుల మీది వెండి చారలు పువ్వు లేనప్పుడూ అందమే. మేడ మీద ఎండలో పెట్టాలంటే ముళ్లున్న డిక్కియాలు ఉన్నాయి. కడియం వైపు వెళితే నర్సరీల్లో అడిగి చూడు. నిండుగా పూసినదాని కంటే మొదలు దగ్గర పిలక కనబడుతున్నదాన్ని ఎంచుకో.

నియోరెగేలియా రంగు వెలుతురులో ఉంది. ఉదయపు ఎండ తగిలితే ఆకులు పొట్టిగా, వెడల్పుగా, ఎర్రగా వస్తాయి. నీడలో పెట్టి ఎరువు దట్టిస్తే అదే మొక్క పచ్చగా సాగిపోయి, ఇదేం రకమో పోల్చుకోలేనట్టు తయారవుతుంది. కుండీ మార్చేటప్పుడు నిదానంగా కరిగే ఎరువు గుళికలు కొద్దిగా అడుగున వేస్తే చాలు, ఆకుల మధ్య నీళ్లు నిలిచే గిన్నెలాంటి గుంటలో ఏ ఎరువూ వేయకు. వేసవి మధ్యాహ్నం మాత్రం షేడ్ నెట్ తప్పదు. ఎండకు గిన్నెలో నీళ్లు కాగితే మొవ్వు ఉడికిపోతుంది.

ఇక నీళ్లు. ఈ మొక్కల ఆకుల మీద ఉండే సన్నని పొలుసులే నీటిని పీల్చుకుంటాయి. మీ బోరు నీళ్లు పోస్తే తెల్లటి ఉప్పు పొర ఆ పొలుసుల మీదే పేరుకుంటుంది. వాన నీరు డ్రమ్ములో పట్టుకో, అది లేనప్పుడు ఫిల్టర్ నీరు వాడు. వారం దాటనీయకుండా కుండీని వంచి గిన్నెలోని పాత నీరు పారబోసి కొత్తది నింపు, లేకపోతే దోమలకు నువ్వే చోటిచ్చినట్టవుతుంది. దోమలు పోతాయని గిన్నెలో నూనె గానీ కిరోసిన్ గానీ వేయకు, మొక్కే పోతుంది.

ఇంకొకటి కచ్చితంగా గుర్తుంచుకో. రాగి వీటికి విషం. ఆకుమచ్చ కనబడగానే మనవాళ్లు కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ బోర్డో మిశ్రమం గానీ కొట్టమంటారు. మిగతా తోటకు అది మంచి మందే కావచ్చు, వీటి దగ్గరికి మాత్రం రానీయకు. మట్టి లేకుండా పెరిగే టిలాండ్సియాలనే బ్రొమీలియాడ్లను చెక్కకు కట్టడానికి రాగి తీగ కూడా వద్దు.

పిలక తీయడానికి తొందరపడకు. తల్లి ఎత్తులో మూడో వంతుకు తక్కువ కాకుండా, వీలైతే సగం దాకా ఎదగనివ్వు. కింది ఎండుటాకులు ఒలిస్తే పిలక తల్లికి అతుక్కున్న చోట గట్టి కాడ కనబడుతుంది. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, తల్లిని ఆనుకుని కోయి. ఆ కాడ పిలకతో రావాలి, వేర్లు పుట్టేది దాని మొదట్లోనే. ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కొబ్బరి చిప్పల ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు కలిపిన కుండీలో కాడ వరకే దించు. తోటమట్టి వద్దు. ఊగకుండా పుల్ల ఊతంగా కట్టు, ఊగితే లేత వేర్ల కొసలు తెగిపోతాయి. తల్లిని పారేయకు, దానిలో పచ్చదనం ఉన్నంతకాలం ఇంకో విడత పిలకలు రావచ్చు. గుజ్మానియా పిలకలు చాలాసార్లు ఆకుల సందులోంచే వస్తాయి, వాటిని అలాగే వదిలేసి తల్లి ఎండాక ఆకులు తీసేయి.

పేరు చీటీ మొక్కంత ముఖ్యం. చీటీ పోయిన నియోరెగేలియాకు ఆకారం చూసి పేరు పెట్టకు. సంకరాలు వేలల్లో ఉన్నాయి, వెలుతురు మారితే రంగు మారుతుంది, నీ ఊహ నీ నుంచి పిలక తీసుకున్నవాళ్లందరికీ పాకుతుంది. 'పేరు తెలియదు' అని రాసిపెట్టడమే మర్యాద. 1950లో అమెరికాలో మొదలైన బ్రొమీలియాడ్ సొసైటీ ఇంటర్నేషనల్ సంకరాల పేర్లను నమోదు చేస్తుంది. అనుమానం వచ్చినప్పుడు వాళ్ల జాబితాలో ఫోటోలు చూసుకో. చీటీ మీద పెన్సిల్‌తో రాయి, పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది. పేరు, ఎవరి దగ్గర తెచ్చావు, ఏ నెల, ఇంతే. చారలున్న రకాల పిలకల్లో కొన్ని చారలు పోగొట్టుకుని పచ్చగా వస్తాయి, వాటికి తల్లి పేరు పెట్టి ఎవరికీ ఇవ్వకు.

ఎప్పుడో ఒకప్పుడు సంకరం చేయాలనిపిస్తుంది. నియోరెగేలియా పువ్వు ఉదయం విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది, కాబట్టి పొద్దున్నే సన్నని కుంచెతో పుప్పొడి మార్చాలి. గింజ మోసిన తల్లి పేరు ముందు, పుప్పొడి ఇచ్చినదాని పేరు తర్వాత రాయాలి. గింజలు తాజాగా, పైపైనే చల్లు, మొలవడానికి వెలుతురు కావాలి. ఒకే కాయ గింజల నుంచి కూడా ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. ఫైర్‌బాల్ గింజకు పుట్టినదాన్ని ఫైర్‌బాల్ అనకూడదు.

విదేశాల నుంచి పోస్టులో తెప్పిస్తామనేవాళ్లను నమ్మకు. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెప్పించడం నేరం. గ్వాటెమాలా వైపు టిలాండ్సియా జెరోగ్రాఫికా మీద అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు కూడా ఉన్నాయి. దాన్ని అడవిలోంచి పెరికి అమ్మితే కొనేవాళ్లూ ఆ పాపంలో భాగస్థులే.

వచ్చే వారం మీ బాబాయితో రెండు ఫైర్‌బాల్ పిలకలు పంపుతున్నాను. పేరు ఆకు అడుగునే మార్కర్‌తో రాశాను, ముందు దాన్ని చీటీ మీదికి ఎక్కించు. నాటాక కొన్ని వారాలు నెట్ కింద ఉంచి, తర్వాత మెల్లగా ఎండకు జరుపు.

మీ పెద్దమ్మ