ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇళ్ల వీధికి ఏ ట్యాగు? దేశం మారితే అదీ మారుతుందా?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఓఎస్ఎం) అంటే ఎవరైనా గీసి సరిదిద్దగల ఉచిత ఆన్‌లైన్ పటం. అందులో గీసిన రోడ్డు ఏ రకమో చెప్పే గుర్తు ట్యాగు. ‘హైవే’ అన్న ట్యాగు పెద్ద రోడ్లకే కాదు, అన్ని రోడ్లకూ వాడతారు. హైదరాబాద్ కాలనీ వీధి, జర్మనీలో ఇళ్ల మధ్య వీధి, అమెరికా పల్లె రోడ్డు: మూడింటికీ హైవే=రెసిడెన్షియలేనా, వెడల్పు చూసి తేల్చాలా అని అడిగారు. వెడల్పు కాదు, ఆ రోడ్డు ఎవరికి పనికొస్తోందో చూడండి. ఇళ్లకు చేరడానికే అయితే రెసిడెన్షియల్. పక్క ఊరికి వెళ్లేవాళ్లూ అదే దారి పడుతుంటే, రెండు వైపులా ఇళ్లున్నా అన్‌క్లాసిఫైడ్. ఈ మాటకు ‘ఏ రకమో తెలీదు’ అని అర్థం కాదు. బ్రిటన్ రోడ్ల వర్గీకరణలో అట్టడుగు మెట్టు పేరది. ఓఎస్ఎం 2004లో అక్కడే మొదలైంది కాబట్టి ఆ పేరే నిలిచింది. నిజంగా తెలియనిదానికి హైవే=రోడ్ ఉంది.

మన దగ్గర ఎక్కువ పొరపాటు లివింగ్ స్ట్రీట్‌తోనే. సందు ఇరుకు, పిల్లలు ఆడుకుంటున్నారు అని పెట్టేస్తారు. నడిచేవాళ్లదే మొదటి హక్కని చట్టం చెప్పిన వీధికే అది. జర్మనీలో 325.1 నంబరు నీలం బోర్డు ఉన్నచోట బండి మనిషి నడక వేగంతోనే పోవాలి. అక్కడే ‘జోన్ 30’ వీధి మాత్రం మామూలు రెసిడెన్షియల్, మాక్స్‌స్పీడ్=30 చేర్చాలి. ఓఎస్ఎం పటం మీద దారి చూపే ప్రోగ్రాం ఓఎస్ఆర్ఎం. కార్ల కోసం దానిలో ఉన్న లెక్క (ప్రొఫైల్) మామూలుగా రెసిడెన్షియల్‌కు గంటకు 25 కి.మీ., లివింగ్ స్ట్రీట్‌కు 10 లెక్కేస్తుంది. ట్యాగు తప్పితే దగ్గరి వీధి వదిలేసి చుట్టూ తిప్పుతుంది.

ఇరుకు చెప్పడానికి విడ్త్ ట్యాగుంది, మీటర్లలో. లేఅవుట్లో ‘30 అడుగుల రోడ్డు’ అని ఉందని 9 వేయకండి, అది ప్రహరీ నుంచి ప్రహరీకి. మధ్యలో సీసీ రోడ్డు ఎంతుందో ఉపగ్రహ చిత్రం మీద కొలవండి. బైకు మాత్రమే పట్టే సందుకు హైవే=పాత్, మోటార్‌సైకిల్=యెస్. గేటెడ్ కమ్యూనిటీ వీధులు రెసిడెన్షియలే, యాక్సెస్=ప్రైవేట్‌తో. యాక్సెస్=నో పెడితే లోపల ఉండేవాళ్ల ఇంటికీ దారి దొరకదు.

అమెరికాది వేరే గొడవ. 2007-08లో అక్కడి జనగణన విభాగం వారి రోడ్ల సమాచారాన్ని (టైగర్ డేటా) మూకుమ్మడిగా ఎక్కించినప్పుడు చిన్న రోడ్లు, పొలం బాటలు కూడా రెసిడెన్షియల్ అయిపోయాయి. టైగర్:రివ్యూడ్=నో (ఇంకా ఎవరూ సరిచూడలేదు) అని ఉన్న రోడ్డు గీతను నమ్మకండి. పొలంలో ఆగిపోతే ట్రాక్. ఒక్క ఇంటి దాకానే వెళ్తే సర్వీస్, డ్రైవ్‌వే. పొలాల మధ్య నుంచి రెండు రోడ్లను కలిపితే అన్‌క్లాసిఫైడ్. స్వభావం మారిన చోట గీతను రెండుగా విడగొట్టండి. సరిచూశాక ఆ రివ్యూడ్ ట్యాగు తీసేయండి, లేదంటే తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి చూడాలి.