ఆన్సెల్మ్ దైవ నిరూపణ సరే, పిల్లల గురించి ఆయన అన్నది చదివారా?

పదకొండో శతాబ్దపు క్రైస్తవ సన్యాసి ఆన్సెల్మ్ చేసిన దైవ నిరూపణ, అంటే దేవుడున్నాడని తర్కంతో చేసిన రుజువు, ఇప్పటికీ నిలుస్తుందా అని అడిగారు. నిలవదు. దేవుడంటే అంతకు మించినదాన్ని మనం ఊహించలేనిది, అలాంటిది మన తలపులో ఉంటే చాలు, బయటా ఉండి తీరాలంటాడు ఆయన, 1077-78 నాటి 'ప్రోస్లోగియన్' అనే పుస్తకంలో. అలాగైతే అన్నిటికన్నా గొప్ప దీవిని తలచుకుంటే అదీ ఎక్కడో ఉండాలిగా అని గౌనిలో అనే మరో సన్యాసి అప్పుడే నిలదీశాడు. ఆన్సెల్మ్ ఉడుక్కోలేదు. ఆ ఆక్షేపణనూ తన జవాబునూ కలిపి పుస్తకం చివర చేర్చమన్నాడు. పూర్వపక్షానికి అంత మర్యాద ఇచ్చిన మనిషిని మన గైడ్లు నాలుగు వాక్యాల్లో తేల్చేసి గౌనిలోను ఎగరగొట్టేస్తాయి.

నా దృష్టిలో అసలు ఆన్సెల్మ్ వేరే చోట ఉన్నాడు. ఆయన ఫ్రాన్స్‌లో నార్మండీలోని బెక్ మఠంలో ఉన్న రోజుల్లో ఒక మఠాధిపతి వచ్చి, తన దగ్గర పెరిగే పిల్లలు రేయింబవళ్లు కొట్టినా బాగుపడటం లేదని వాపోయాడు. పెద్దయ్యాక ఎలా తయారవుతున్నారని ఆన్సెల్మ్ అడిగాడు. మొద్దులుగా, పశువుల్లా అన్నాడాయన. మనుషులను పశువులుగా మార్చడానికా ఇంత ఖర్చు అని ఆన్సెల్మ్ ఎత్తిపొడిచి, లేత మొక్కను కొమ్మ చాచే వీలు లేకుండా నలువైపులా బిగించి కొన్నేళ్లకు విప్పితే ఏమవుతుందని అడిగాడు. వంకర్లు తిరిగిన చెట్టు మిగులుతుందని మఠాధిపతే ఒప్పుకున్నాడు.

నేను ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెబుతూ హాస్టల్లో ఒక అంతస్తు బాధ్యత కూడా చూసేవాణ్ణి. వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గాయని స్టాఫ్ మీటింగ్ పెట్టారు. రాత్రి స్టడీ అవర్ పెంచాలి, ఆదివారం ఇంటికి ఫోన్ ఆపెయ్యాలి అని తీర్మానం. అంతకుముందే దిండు కింద నవల దొరికిందని ఒక కుర్రాణ్ణి మెస్ ముందు అందరూ చూస్తుండగా కొట్టారు. నాకు ఒళ్లు మండి ఈ మఠాధిపతి కథ మొత్తం చెప్పాను. ప్రిన్సిపాల్ గారు శ్రద్ధగా విని, "ఆ సారు ఏ సబ్జెక్టు?" అన్నారు. సన్యాసి అని చెబితే, "మఠాలకు ర్యాంకులు అక్కర్లేదు కదండీ" అని హాజరుపట్టీ ముందుకు లాక్కున్నారు. స్టడీ అవర్ పెరిగింది.

చదవాలంటే ప్రోస్లోగియన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆయన శిష్యుడు ఈడ్మర్ రాసిన జీవిత చరిత్ర పట్టండి. 1093లో ఇంగ్లండ్ చర్చిలో అన్నిటికన్నా పెద్దదైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవి వద్దు మొర్రో అంటుంటే, బిషప్పులు ఆయన వేళ్లు బలవంతంగా విప్పబోయి, కుదరక, మూసిన గుప్పిటికే అధికార దండం ఆనించి పట్టుకున్న ముచ్చట కూడా ఈడ్మరే రాశాడు. వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ కోసం మా స్టాఫ్ రూములో జరిగిన కుస్తీలు చూసిన నాకు, ఇది దైవ నిరూపణ కన్నా నమ్మశక్యం కాని విషయం.