చెమట సరే, కండ సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 36. ఆరు నెలలుగా రోజూ 45 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద గంటకు 6 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాను. తిండి కూడా తగ్గించాను. మొదటి మూడు నెలల్లో 78 కిలోల నుంచి 72కి వచ్చాను. ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. ఒళ్లు వదులుగానే ఉంది. మెషీన్ మాత్రం రోజూ 400 క్యాలరీలు చూపిస్తోంది. గంటన్నరకు పెంచమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ 400 లెక్క తేలుద్దాం. ఊరికే కూర్చుంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. మీ వేగంతో నడిస్తే దానికి దాదాపు నాలుగున్నర రెట్లు. 72 కిలోలు, ముప్పావు గంట: మొత్తం 243. అందులో 54 కుర్చీలో కూర్చున్నా పోయేవే. అంటే నడిచినందుకు అదనంగా పోతున్నవి సుమారు 190. బరువు నమోదు చేయకపోతే మెషీన్ ఎవరి బరువుకో లెక్క కడుతుంది. ముందున్న కడ్డీ పట్టుకుని నడిచేవారికి ఈ 190 కూడా రాదు, కాళ్ల పని చేతులు పంచుకుంటాయి కాబట్టి. 400 పోయాయన్న ధీమాతో ఇంకాస్త తింటే లెక్క అక్కడికి అక్కడే.

పైగా శరీరం పొదుపరి. వ్యాయామంలో ఖర్చు పెట్టింది మిగతా రోజులో కొంత మిగుల్చుకుంటుంది: తెలియకుండానే ఎక్కువసేపు కూర్చుంటాం, లేచి తిరగడం తగ్గిస్తాం. టాంజానియాలో వేటాడి బతికే హాడ్జా ప్రజలు రోజంతా తిరుగుతారు. అయినా శరీర పరిమాణాన్ని బట్టి సరిచూస్తే వారి మొత్తం ఖర్చు పాశ్చాత్య దేశాలవారి ఖర్చుకు దగ్గరగానే ఉందని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. గంటన్నర నడిస్తే దానికి రెట్టింపు ఫలం రాకపోవడానికి ఇదొక కారణం.

ఇక ఆ వదులు. తిండి తగ్గించి, నడక ఒక్కటే చేస్తే పోయిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిదే అయ్యే అవకాశం ఉంది. మీ ఆరు కిలోల్లో ఒకటిన్నర దాకా అలా పోయి ఉండవచ్చు. కండ పెరిగితే నిద్రలోనూ కొవ్వు కరిగిపోతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. కిలో కండరం విశ్రాంతిలో రోజంతా కాల్చేది 13 క్యాలరీలే. కండ కావలసింది ఒంటి బిగువు కోసం, బలం కోసం.

కాబట్టి వారంలో మూడు రోజులు బరువులు, మూడు రోజులు 50 నిమిషాల నడక. బరువుల రోజున ఐదు కదలికలు చాలు: డంబెల్ ఛాతీకి ఆనించి కూర్చుని లేచే స్క్వాట్, తుంటి వెనక్కి నెట్టి వంగే డెడ్‌లిఫ్ట్, పుషప్ (రాకపోతే చేతులు బల్ల మీద పెట్టి), వంగి డంబెల్‌ను నడుము వైపు లాగే రో, తలపైకి ఎత్తే ప్రెస్. ఒక్కోటి 3 సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 సార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఇంకో రెండు సార్లు చేయగలను అనిపించే చోట ఆపాలి. పన్నెండోది కూడా సునాయాసంగా వస్తుంటే బరువు చాలడం లేదన్నమాట. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు ఒకటి, రెండు కిలోలు పెంచండి.

ఎక్కువమంది పొరపాటు పడేది డెడ్‌లిఫ్ట్‌లో. కిందికి వంగడం మీద ధ్యాస పెడితే నడుము గుండ్రమవుతుంది. వెనకున్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టు తుంటిని వెనక్కి నెట్టండి. మోకాళ్లు కొద్దిగానే వంగాలి, డంబెల్స్ తొడలను రాసుకుంటూ దిగాలి. తొడ వెనుక లాగినట్టు అనిపించగానే పైకి రండి. లాగేది నడుము దగ్గరైతే బరువు తగ్గించండి.

ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే మీకు 86 నుంచి 115 (కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడిగాకే). మొదటి రెండు వారాల్లో బరువు కిలో దాకా పెరగవచ్చు. కండరం గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) దాచుకుంటుంది, దానితోపాటు నీరూ చేరుతుంది. చాలామంది కంగారుపడి మానేసేది సరిగ్గా అప్పుడే. వారానికోసారి పొద్దున్నే బొడ్డు దగ్గర టేపు చుట్టి చూడండి.

ప్రశ్న: వయసు 58. పదేళ్లుగా సైకిల్, ఈత మానలేదు. అయినా ఎముకల స్కాన్‌లో టీ స్కోర్ (ఎముక సాంద్రత కొలత) మైనస్ 1.8 వచ్చింది. ఎందుకిలా?

జవాబు: మీ గుండెకు మేలు జరిగింది, ఎముకకు కబురు అందలేదు. ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి, కుదుపు తగలాలి. సైకిల్ మీద మిమ్మల్ని సీటు మోస్తుంది, కొలనులో నీరు మోస్తుంది. వయసు, హార్మోన్లు, విటమిన్ డి లోపం కూడా కారణాలు కావచ్చు, ఆ పరీక్షలు డాక్టర్‌తో చేయించండి.

మైనస్ 1.8 అంటే సాంద్రత తగ్గింది గానీ ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్ కాదు. ఆ గీత మైనస్ 2.5 దగ్గర ఉంది. వారానికి రెండు మూడు రోజులు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, మెట్లెక్కడం మొదలుపెట్టండి. మొదటి నెల తక్కువ బరువుతో పద్ధతి నేర్చుకోవడానికే. ఇంకో లాభమూ ఉంది. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకునేది వేగంగా బిగుసుకునే కండర తంతువులతో. వయసుతో ముందు తగ్గేవి అవే, తాపీగా తొక్కే సైకిల్ వాటిని పెద్దగా కదిలించదు. ఎముక నిదానంగా మారుతుంది, కాబట్టి ఏడాదిలోపు స్కాన్‌లో తేడా వెతకకండి.

ప్రశ్న: అయితే కార్డియో (నడక, సైకిల్, ఈత లాంటివి) మానేయవచ్చా?

జవాబు: మానకండి. ఆయాసం లేకుండా పని చేసుకోవడానికి, బీపీ, షుగర్ అదుపుకు అది కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం ఉంది. అదే సూచనల్లో కండరాలకు కనీసం రెండు రోజులనీ ఉంది, జనం వదిలేసేది ఆ రెండో వాక్యాన్నే.

ప్రశ్న: రెండూ ఒకే రోజు చేస్తే ఏది ముందు?

జవాబు: బలం కావాలంటే బరువులే ముందు. పరుగుతో అలసిన కాళ్లతో స్క్వాట్ చేస్తే ఎత్తగలిగే బరువూ తగ్గుతుంది, మోకాళ్లు లోపలికి వాలిపోతాయి. వీలైతే రెంటి మధ్య ఆరు గంటల ఎడం ఉంచండి. 1980లో హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన పది వారాల పరిశోధనలో రెండూ తీవ్రంగా చేసినవారి బలం కొన్ని వారాలు బాగానే పెరిగి, చివర్లో వెనక్కి జారింది. అయితే వాళ్లు దాదాపు రోజూ గట్టిగా చేసినవాళ్లు. వారానికి మూడు రోజులు, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో నడిచేవారికి ఆ బెంగ అక్కర్లేదు.